చేదు కుట్టు తుగ్గలి చేలో పండుతుందా? విత్తనం కొనేముందు ఒక్కసారి చదవండి



మొన్న ఎండాకాలంలో తుగ్గలి పక్క నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నాలుగు ఎకరాల ఎర్రనేల, బోరు లేదు, వానే ఆధారం. "అన్నా, చేదు బక్‌వీట్ అంటారు గదా, షుగర్ ఉన్నోళ్లకు చానా మంచిదంట. మనూర్లో ఎవురూ ఎయ్యలేదు. రెండెకరాలకు ఏస్తే పండుతాదా?" అని అడిగాడు. ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు. విత్తనం అమ్మేవాళ్ల నంబరు కూడా రాసి పెట్టుకున్నాడు. వాళ్లు చెప్పిన రేటు విన్నాక, "డబ్బులు పంపకు తమ్మీ, వారం రోజులు ఆగు" అన్నాను.

ఆ వారంలో నేను చదివింది, తెలిసినవాళ్లను అడిగింది, గింజ తెప్పించి చూసింది అంతా ఈ వ్యాసం. గింజల్ని పక్కపక్కన పెట్టి చూపించింది, పిండి తడిపి చూపించింది వీడియోలో ఉంది. వీడియోలో చెప్పడానికి వీలుపడని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తా. చేదు కుట్టు మంచి పంటే. వేల ఏళ్లుగా కొండ జనాల కడుపు నింపిన పంట. దాని మీద నాకు ఏ కోపమూ లేదు. మన ప్రశ్న ఒక్కటే. రెండెకరాల ఖరీఫ్‌ను, అంటే ఏడాదిలో మనకు దొరికే ఒక్క వానను, దాని మీద పెట్టవచ్చా?

అసలు ఏమిటీ గింజ?

పేరులో 'వీట్' ఉంది కాబట్టి గోధుమ జాతి అనుకుంటారు. గోధుమతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది గడ్డిజాతి మొక్కే కాదు. ఆకు గుండె ఆకారంలో వెడల్పుగా ఉంటుంది, కాండం మెత్తగా, ఎర్రటి ఛాయతో ఉంటుంది. మన చుక్కకూర ఏ కుటుంబానికి చెందిందో ఇదీ ఆ కుటుంబానిదే. చుక్కకూర ముదిరి గింజ కట్టినప్పుడు చూడండి, లోపల చిన్న మూడు పలకల గింజ ఉంటుంది. కుట్టు గింజ కూడా మూడు పలకలే. అంటే తుగ్గలి సంతలో చుక్కకూర కట్ట కొన్న ప్రతిసారీ మనం కుట్టు వాళ్ల దాయాదిని ఇంటికి తెచ్చుకుంటున్నట్టే.

ఉత్తరాదిన దీన్ని కుట్టు అంటారు. నవరాత్రి ఉపవాసాల్లో గోధుమలు, బియ్యం తినరు కాబట్టి కుట్టు పిండితో పూరీలు, పకోడీలు చేసుకుంటారు. కేంద్ర ప్రభుత్వం 2018లో 'పౌష్టిక ధాన్యాలు' అని గెజిట్‌లో ఒక జాబితా ప్రకటించింది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, అరిక, సామ, ఊద, వరిగలతో పాటు అందులో కుట్టు, తోటకూర గింజ కూడా ఉన్నాయి. ఆ జాబితా చూపించి "ప్రభుత్వమే వెయ్యమంటోంది" అని విత్తనం అమ్మేవాళ్లున్నారు. జాబితాలో పేరు ఉండటం వేరు, మన నేలకు పనికి రావటం వేరు. ఇంకో సంగతి. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కుట్టు లేదు.

రెండు రకాలున్నాయి, తేడా తెలియకపోతే మోసపోతాం

కుట్టులో మనుషులు తినడానికి పండించేవి ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి మామూలు కుట్టు, దీన్ని తీపి కుట్టు అని కూడా అంటారు. రెండోది చేదు కుట్టు, శాస్త్రంలో టార్టరీ బక్‌వీట్. ఉత్తరాఖండ్‌లో మామూలుదాన్ని ఓగల్ అని, చేదుదాన్ని ఫాఫర్ అని పిలుస్తారు. నేపాల్లో మీఠే ఫాపర్, తీతే ఫాపర్. తీతే అంటే చేదు.

పొలంలో చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. మామూలు కుట్టు చేను తెల్లగా, గులాబీ రంగుగా విరగబూస్తుంది. ఫోన్లలో మీరు చూసే అందమైన పూల చేలన్నీ అవే. దాని పూలల్లో రెండు రకాలుంటాయి. కొన్ని మొక్కల్లో కీలం పొడుగ్గా, కొన్నింటిలో పొట్టిగా ఉంటుంది. ఒక రకం పూల పుప్పొడి రెండో రకం మీద పడితేనే గింజ కడుతుంది. అందుకే దానికి తేనెటీగలు తప్పనిసరి. చేదు కుట్టు పూలు చిన్నవి, లేత ఆకుపచ్చ రంగు, చూడ్డానికి ఏమంత ఉండవు. తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది. ఈగ రాకపోయినా పర్వాలేదు. చల్లటి కొండల మీద, పురుగూ పుట్రా తక్కువ తిరిగే చోట ఇది నిలబడటానికి అదొక కారణం.

గింజలో తేడా ఇదీ. మామూలు కుట్టు గింజ కొంచెం పెద్దది, నున్నగా ఉంటుంది, మూడు అంచులూ పదునుగా కనిపిస్తాయి. చేదు కుట్టు గింజ చిన్నది, గుండ్రంగా, గరుకుగా ఉంటుంది, పలకల మధ్య గాడి ఉంటుంది, మెరుపు ఉండదు. వీడియోలో రెండూ అరచేతిలో పెట్టి చూపించాను. "చేదు రకం, తేనెటీగలకు కూడా పనికొస్తుంది, తెల్లగా పూస్తుంది" అని ఎవరైనా అమ్ముతుంటే, ఆ మాటల్లోనే తేడా ఉందని అర్థం చేసుకోండి.

చేదు ఎందుకు వస్తుంది?

దీని మీద ఇంత మోజు రావడానికి కారణం రూటిన్ అనే పదార్థం. రక్తనాళాలకు మంచిదని దాన్ని గురించి చెబుతారు. మామూలు కుట్టు గింజలో రూటిన్ చాలా తక్కువ. చేదు కుట్టు గింజలో దానికి ఎన్నో రెట్లు, గింజ బరువులో సుమారు 1 శాతం దాకా, కొన్ని రకాల్లో అంతకు మించి ఉంటుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఎండు పిండిని నాలుక మీద వేసుకుంటే అంత చేదు అనిపించదు. నీళ్లు పోసి కలపగానే చేదు ఎక్కుతుంది. గింజలోనే ఒక ఎంజైమ్ ఉంది. అది తడి తగిలిన కొద్ది నిమిషాల్లోనే రూటిన్‌ని విరగ్గొట్టి క్వెర్సెటిన్‌గా మార్చేస్తుంది. చేదు పెరిగేది ఆ పనిలోనే. అంటే పచ్చి పిండి తడిపి, నానబెట్టి రొట్టె చేస్తే, ఏ రూటిన్ కోసం డబ్బు పెట్టామో అది చాలా వరకు రొట్టెలో మిగలదు. ఆవిరి పట్టినా, గింజను ముందే వేయించినా ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. చైనాలో, జపాన్‌లో చేదు కుట్టు టీ అని అమ్ముతారే, ఆ గింజలు ఆవిరి పట్టి వేయించినవి. జపాన్ వాళ్లు హొక్కైదోలో ఈ ఎంజైమ్ దాదాపు లేని, చేదు తక్కువుండే 'మన్‌తెన్-కిరారి' అనే రకాన్నే తయారు చేసుకున్నారు.

షుగర్ సంగతి కూడా చెప్పాలి. కుట్టులో గ్లూటెన్ ఉండదు, పాలిష్ బియ్యం కన్నా మేలైన తిండి, అంతవరకు నిజం. మందు మానేసి ఇది తింటే షుగర్ పోతుందని ఎవరన్నా చెబితే మాత్రం నమ్మకండి. కొంతమందికి కుట్టు పడదు, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పిండి నిల్వ కూడా జాగ్రత్త. 2011లో నవరాత్రుల్లో ఢిల్లీలో కుట్టు పిండి తిని వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. గింజగా ఉంటే నిలుస్తుంది, పిండి కొట్టాక త్వరగా చెడుతుంది.

ఎక్కడి పంట, ఎవరి పంట?

హిమాచల్‌లో కిన్నౌర్, లాహౌల్, పాంగి లోయలు. ఉత్తరాఖండ్ ఎగువ కొండలు. లద్దాఖ్, సిక్కిం, అరుణాచల్. నేపాల్, భూటాన్. చైనాలో యున్నాన్, సిచువాన్, గుయ్‌జౌ కొండలు. చేదు కుట్టు ఇల్లు ఇదంతా. సిచువాన్‌లోని లియాంగ్‌షాన్ కొండల్లో యీ అనే జనం ఉన్నారు. వాళ్లకు మనకు జొన్న ఎలాగో చేదు కుట్టు అలాగ. భూటాన్‌లో బుంథాంగ్ లోయవాళ్లు కుట్టు పిండితో ఖులే అనే అట్లు, పుటా అనే సేవల్లాంటివి చేసుకుంటారు. నేపాల్లో ఉడుకు నీళ్లలో పిండి పోసి తిప్పి ధిండో చేస్తారు. మన సంగటి కట్టెతో తిప్పేది చూసినవాళ్లకు ఆ ధిండో కొత్తగా ఏమీ అనిపించదు.

ఈ చోట్లన్నింటికీ పోలిక ఒకటుంది. ఎత్తు, చలి, తక్కువ రోజుల కాలం. మంచు కరిగాక విత్తి, మళ్లీ మంచు పడేలోపు కోసేసుకోవాలి. మామూలు కుట్టు తట్టుకోలేని చలిని కూడా చేదు కుట్టు కొంత ఓర్చుకుంటుంది. అందుకే కొండ ఎక్కే కొద్దీ మామూలుది తగ్గి చేదుది పెరుగుతుంది. హిమాచల్‌లో దీని మీద పనిచేసి హిమ్‌ప్రియ, సంగ్లా బి-1 లాంటి రకాలు ఇచ్చారు. అవన్నీ ఆ కొండల కోసం ఎంచినవే.

"మరి దక్షిణాన అసలు పండలేదా?" అని అడగొచ్చు. పండింది. నీలగిరి, పళని కొండల్లో మామూలు కుట్టు వేసేవాళ్లు. అవి కూడా చల్లటి కొండలే. ఛత్తీస్‌గఢ్ సర్గుజా జిల్లాలో మైన్‌పాట్ ఉంది. వెయ్యి మీటర్ల ఎత్తున్న పీఠభూమి. 1960లలో టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులు అక్కడ స్థిరపడి కుట్టు పండించటం మొదలుపెట్టారు. అక్కడ దాన్ని టావు అంటారు. ఆ జనం, వాళ్ల తిండి అలవాటు, పండించే చెయ్యి, చల్లటి నేల అన్నీ కలిసి వచ్చాయి కాబట్టి ఆ పంట అక్కడ నిలిచింది. ఒక్క గింజను కొరియర్‌లో పంపితే ఇవన్నీ దాంతో పాటు రావు.

తుగ్గలి చేలో వేస్తే ఏమవుతుంది?

మొలుస్తుంది. అందులో అనుమానం లేదు. నాలుగైదు రోజుల్లో పచ్చగా వస్తుంది, ఆకు తొందరగా నేలను కప్పుతుంది. అది చూసి రైతు సంబరపడతాడు. చిక్కంతా పూతలో ఉంది. కుట్టు పూత ఎండకు, వేడి గాలికి ఆగదు. ఎండ 30 డిగ్రీలు దాటి, నేలలో తడి తగ్గి, పొడి గాలి కొడితే పూత రాలిపోతుంది, గింజ తాలు పోతుంది. మన పక్క జూన్, జూలైలో ఎండ ఎలా ఉంటుందో, ఆ పడమటి గాలి ఎలా వీస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాని వేరు కూడా లోతుకు పోదు. రెండు వానల మధ్య 20 రోజుల బెట్ట వస్తే కొర్ర ముడుచుకుని ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. కుట్టు వాడి పడిపోతుంది.

రెండోది, మన గొర్రెల సంగతి. తుగ్గలి, పత్తికొండ, ఆలూరు, ఆదోని పక్క చేను కోసిన వెంటనే మంద దిగుతుంది. కుట్టు ఆకులో, పూలల్లో ఫాగోపైరిన్ అనే పదార్థం ఉంటుంది. పచ్చిమేత ఎక్కువ తిని ఎండలో తిరిగితే తెల్లచర్మం, తెల్లబొచ్చు ఉన్న జీవాలకు చెవులు, ముఖం వాచి, దురద, పుండ్లు పడతాయి. నీడలో ఉంటే ఏమీ కాదు. మన మందలకు నీడ ఎక్కడిది? విత్తనం అమ్మే వీడియోల్లో ఈ ముక్క ఎవ్వరూ చెప్పరు.

మూడోది మర. చేదు కుట్టు పొట్టు గింజను గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఊరికే ఊడదు. అందుకే కొండల్లో చాలాచోట్ల పొట్టుతోనే విసిరి జల్లెడ పడతారు. తుగ్గలిలో పండించి ఎక్కడ ఆడిస్తాం? ఆడించినా ఎవరికి అమ్ముతాం? ఆదోని యార్డులో పత్తికి, బుడ్డలకు వేలం ఉంది. పత్తికొండలో టమాటాకు మార్కెట్ ఉంది. కుట్టు మూట తీసుకుపోతే దింపుకునేవాడు ఎవరు? విత్తనం అమ్మినవాళ్లే మళ్లీ కొంటారన్న మాట నోటి మాటగానే ఉంటుంది. మా చుట్టాల్లో ఒకాయన ఇంకో పంటలో అట్లాంటి మాట నమ్మి, పంట చేతికొచ్చాక ఫోన్ చేస్తే ఆ నంబరు పలకలేదు.

ఆపిల్ అక్కడ, బుడ్డలు ఇక్కడ

ఈ వెతుకులాటలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి వేరే ఉంది.

కిన్నౌర్‌లో ఈ రోజు చేదు కుట్టు తగ్గిపోతోంది. ఆపిల్ తోటలు వచ్చాయి. బఠాణీ, రాజ్మా, ఆలుగడ్డ వచ్చాయి. డబ్బు కళ్లజూసే పంటలు. రేషన్‌లో బియ్యం, గోధుమలు వచ్చాయి. చేదు గింజను విసిరే ఓపిక ఎవరికి ఉంది? పిల్లలు ఆ రొట్టె ముట్టరు. ముసలివాళ్లున్న ఇళ్లలో, పండగలకు, పైలోయల్లో మిగిలింది. ఇదే సమయంలో బయటి నగరాల్లో దాన్ని చిన్న డబ్బాల్లో పెట్టి ఆరోగ్య ఆహారం అని అమ్ముతున్నారు.

ఇది చదువుతుంటే మన కథే చదువుతున్నట్టు అనిపించలేదా? మన తాతల కాలంలో ఈ ఎర్రనేలల్లో కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక, కంది, ఉలవ. జొన్నగిరి అని ఊరి పేరులోనే జొన్న ఉంది. తర్వాత బుడ్డలు వచ్చాయి. నాలుగు ఏళ్లు డబ్బులు కళ్లజూశాం. చేలన్నీ బుడ్డలే అయ్యాయి. వాన తప్పిన ఏడు విత్తనం ఖర్చు కూడా రాలేదు. కొర్రన్నం ఇంట్లో మానేశాం, కొర్ర విత్తనం గాదెలో లేకుండా పోయింది. ఇప్పుడు నగరంలో కొర్ర బియ్యం ప్యాకెట్టు రేటు చూసి ఆశ్చర్యపోతున్నాం.

కిన్నౌర్ కుర్రవాడు తన కుట్టును వదిలేసి వేరే గింజ కోసం చూస్తున్నాడు. తుగ్గలి కుర్రవాడు తన కొర్రను వదిలేసి ఆ కుట్టు కోసం చూస్తున్నాడు.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో ఏం జరుగుతుందో మనకందరికీ తెలుసు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వంగి వజ్రాల కోసం వెతుకుతారు. ఒకరికి దొరుకుతుంది, పేపర్లో పడుతుంది. వందల మంది నడుం నొప్పితో ఇంటికి పోతారు. కొత్త పంట మీద ఆశ కూడా అట్లాగే ఉంటుంది. వజ్రం వెతికేవాడికి పోయేది నాలుగు రోజుల కూలి. విత్తనంలో వెతికేవాడికి పోయేది ఒక ఏడాది.

కుట్టు అక్కడ చేసే పని, మన దగ్గర కొర్ర చేస్తుంది

కొండల్లో కుట్టుకున్న గుణాలు ఏమిటి? తక్కువ రోజుల్లో వస్తుంది, పేద నేలలో పండుతుంది, ఎరువు అడగదు, గింజ నిలవ ఉంటుంది, ఇంటి కడుపు నింపుతుంది. ఈ లెక్కకు మన ఎర్రనేలలో సరిగ్గా సరిపోయేది కొర్ర. పైగా కొర్ర మీద పనిచేసే పరిశోధన కేంద్రం మన పక్కనే నంద్యాలలో ఉంది. సూర్యనంది, ఎస్‌ఐఏ 3085, ఎస్‌ఐఏ 3156 లాంటి రకాలు అక్కడి నుంచి వచ్చినవే. సూర్యనంది 70, 75 రోజుల్లో కోతకొస్తుంది. మిగతావి 80 నుంచి 90 రోజుల్లో వస్తాయి. ఇంట్లో పాత నాటు కొర్ర ఉంటే ఇంకా మంచిది, దాన్నే కాపాడుకోండి.

ప్రకృతి సేద్యంలో వేసేవాళ్లు ఇట్లా చేసుకోవచ్చు.

ఎండాకాలంలోనే నవధాన్యాలు చల్లి నేల కప్పేసుకోండి. విత్తనానికి బీజామృతం, బంకమట్టి, బూడిద పట్టించి ఉండలు చేసి వేస్తే, చిన్న జల్లు పడినా మొలుస్తాయి. కుట్టును పచ్చిరొట్టగా వేసి నేల కప్పుతారని విదేశీ వీడియోల్లో చూసి ఉంటారు. ఆ పని మన దగ్గర అలసంద, ఉలవ, పిల్లిపెసర, జనుము చక్కగా చేస్తాయి.

తొలకరి పదును దొరకగానే ఎకరాకు 400 కేజీల ఘన జీవామృతం వేసి, గుంటక తోలి, గొర్రుతో విత్తండి. కొర్ర విత్తనం ఎకరాకు 2 కేజీలు చాలు. గింజ సన్నం కాబట్టి ఇసుక కలుపుకుంటే పలుచగా, సమంగా పడుతుంది. బీజామృతం పట్టించి నీడలో ఆరబెట్టాకే విత్తాలి. ఒక్క కొర్రే వెయ్యకండి. ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది. కొర్ర మూడు నెలల్లో ఇంటికొస్తుంది. ఆ తర్వాత కంది ఒక్కటే చేలో నిలబడి వెనకటి వానలను వాడుకుంటుంది. ఒకటి పోయినా ఒకటి దక్కుతుంది. ఆలస్యం చేస్తే మొవ్వు ఈగ ఎక్కువవుతుంది కాబట్టి జూలై దాటనివ్వకండి.

మొలిచిన 15, 20 రోజులకు ఒకసారి పలుచన చేసి కలుపు తీస్తే తర్వాత కొర్రే కలుపును అణచుకుంటుంది. పదిహేను రోజులకొకసారి ఎకరాకు 200 లీటర్ల ద్రవ జీవామృతం, నేలలో తడి ఉన్నప్పుడు. కంకి పాలు పోసుకునేటప్పుడు పిట్టల కాపలా ఉండాలి. ఊర్లో పది మంది ఒకేసారి వేస్తే పిట్టల బెడద అందరికీ పంచబడుతుంది. ఒక్కరే వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ ఒక్కరి చేలోనే ఉంటాయి.

చెట్ల కింద నీడ పడే చోటు ఉంటే అండుకొర్ర వేసుకోండి. చింత, మామిడి నీడను అది ఓర్చుకుంటుంది. కర్ణాటక సరిహద్దు వెంబడి పాతకాలం నుంచి ఉన్న పంట అది. దాని పొట్టు తియ్యటం కష్టం, ఆ సంగతి ముందే తెలుసుకుని కొంచెం నేలలోనే వేసుకోండి.

కొర్రకు కూడా మర సమస్య ఉంది, దాచను. కొర్రలను కొర్ర బియ్యం చేసే మర ఊర్లో లేకనే రైతు గింజను తక్కువకు అమ్ముకుని రేషన్ బియ్యం తింటున్నాడు. నాలుగైదు ఊర్లు, లేదా ఒక మహిళా సంఘం కలిసి పొట్టు తీసే చిన్న మిషను పెట్టుకుంటే కథ మారుతుంది. రాష్ట్రం దాటి గింజ తెచ్చుకోవటానికి పెట్టాలనుకున్న డబ్బును ఆ మిషను మీద పెట్టండి. గింజగా పెడితే కొర్ర ఏళ్లు నిలుస్తుంది. బియ్యం చేశాక త్వరగా పురుగు పడుతుంది. అందుకే అప్పటికప్పుడు ఆడించుకునే మర దగ్గర్లో ఉండాలి.

అయినా వేసి చూడాలనుకుంటే

తెలుసుకోవాలనే కోరిక మంచిదే. రైతు ప్రయోగం చెయ్యకపోతే ఏ పంటా ఏ ఊరికీ వచ్చేది కాదు. పత్తికొండ, గుత్తి దారిలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండో శాసనం చెప్పేది ఇదే. మనుషులకు, పశువులకు పనికొచ్చే మందు మొక్కలు, వేర్లు, పండ్లు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించామని. రెండు వేల ఏళ్లకు పైగా ఆ మాట మన బండ మీదే ఉంది. మొక్కను తెప్పించటం తప్పని నేనూ అనను. రాజు తెప్పిస్తే పోయేది ఖజానా సొమ్ము. మనం తెప్పిస్తే పోయేది పిల్లల ఫీజు. అందుకే కొలత చిన్నదిగా ఉండాలి.

గుప్పెడు గింజ చాలు. ఖరీఫ్‌లో వద్దు. నవంబరు మొదట్లో రాత్రి చలి మొదలయ్యాక, ఇంటి పెరట్లోనో, నీళ్లు పారే మడిలోనో రెండు సాళ్లు వెయ్యండి. మైదానాల్లో కుట్టు వేసేవాళ్లు చలికాలంలోనే వేస్తారు. పక్కనే మామూలు కుట్టు ఒక సాలు, తోటకూర గింజ రకం ఒక సాలు వేసుకుంటే పోలిక తెలుస్తుంది. పూత ఏ తేదీన వచ్చింది, ఎంత రాలింది, ఎన్ని గింజలు గట్టిపడ్డాయి, పుస్తకంలో రాసుకోండి. గొర్రెలను, మేకలను ఆ మడిలోకి రానివ్వకండి. వచ్చిన గింజను వేయించి, విసిరి, ఇంట్లోవాళ్లతో రొట్టె చేయించుకుని తినండి. ఆ రొట్టె పిల్లలు రెండోసారి అడిగారా లేదా అనేది అన్నిటికన్నా పెద్ద లెక్క.

ఏ కొత్త విత్తనానికైనా ఈ మాటలే వర్తిస్తాయి. మన ఎండకు దాని పూత నిలుస్తుందా? పండింది మన ఇంట్లో తింటామా, దాన్ని ఆడించే మర దగ్గర్లో ఉందా? వచ్చే ఏడు విత్తనం మన గాదెలో నుంచే తీస్తామా, మళ్లీ ఫోన్ చెయ్యాలా? మూడింటికీ జవాబు దొరికాకే ఎకరాల లెక్క.

వారం తర్వాత ఆ తమ్ముడికి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అవ్వ దగ్గర కొర్ర ఇత్తనం ఉన్నట్టుందన్నా, కుండలో బూడిద గలిపి పెట్టింటాది. అది మొలుస్తాదో లేదో సూస్తా" అన్నాడు. తడిగుడ్డలో వంద గింజలు చుట్టి నాలుగు రోజులు చూడమన్నాను. ఎనభై మొలిస్తే ఆ విత్తనం బంగారమే.

ఐదో రోజు ఫొటో పంపాడు. గుడ్డ మీద తెల్లటి మొలకలు. లెక్కపెట్టి రాశాడు, 87 అని.

మీ ఇంట్లో, మీ ఊర్లో ఇట్లా కుండలో మిగిలిన పాత గింజ ఏదన్నా ఉంటే, దాని పేరు, ఎన్ని రోజుల పంటో, ఎట్లా వండుకునేవాళ్లో కింద రాయండి. వచ్చే వీడియోలో వాటి గురించి చెప్పుకుందాం.